పరీక్ష – పరిరక్షణ

పాఠ్యభాగ నేపథ్యం

ప్రజారోగ్యానికి సంబంధించిన నిర్ణయాలు రెండు విధాలు. అవసరమైన కొత్త పద్ధతిని ప్రవేశపెట్టడం ఒకటి. కాలం చెల్లిన పాత పద్ధతిని మానివేయడం రెండవది. మొదటిదానికి ప్రశంస సులభంగా లభిస్తుంది. రెండవదానికి వివేకంతో పాటు ధైర్యం కూడా కావాలి. బడిపిల్లలందరికీ క్షయ పరీక్షలు జరపడం అనే పద్ధతి ఎందుకు ఆరంభమైంది, పలుచోట్ల ఎందుకు ఆగిపోయింది, దాని స్థానంలో ఏమి వచ్చింది అనే విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

పాఠ్యభాగం

హైదరాబాదు నగరంలోని నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ ప్రాంతాలు విద్యార్థిలోకానికి చిరపరిచితాలు. మాడపాటి హనుమంతరావు పేరు మీద వెలసిన బాలికల పాఠశాల, రాజాబహదూర్ వేంకటరామారెడ్డి మహిళా కళాశాల నారాయణగూడలో ఉన్నాయి. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయంలో ఉదయం నుండి రాత్రి వరకు చదువరులు కనిపిస్తారు. అశోక్‌నగర్ వీధులు పోటీపరీక్షల శిక్షణ కేంద్రాలకు, వసతిగృహాలకు ప్రసిద్ధి. జిల్లాల నుండి వచ్చిన యువతీయువకులు ఖర్చు తగ్గించుకోవడానికి ఒక్కొక్క గదిని పలువురు కలిసి పంచుకొంటారు. నీటి పరీక్షలకు, ఆహార పరీక్షలకు, టీకాలకు పేరు పొందిన ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థ కూడా నారాయణగూడలోనే ఉంది. చదువు, ప్రజారోగ్యం ఇక్కడ ఇరుగుపొరుగున నివసిస్తున్నాయి.

ఇంతమంది పిల్లలు, యువకులు ఒకచోట చేరినప్పుడు క్షయవ్యాధి వారి మధ్య ప్రవేశించకుండా ఏమి చేయాలి? ఈ ప్రశ్నకు వెంటనే తోచే సమాధానం ఒకటి ఉంది. విద్యాలయంలో చేర్చుకొనేటప్పుడే ప్రతి ఒక్కరికీ పరీక్ష జరపాలి. వ్యాధి లేదన్న ధ్రువపత్రం తెచ్చినవారినే లోనికి రానివ్వాలి. వినడానికి ఇది న్యాయంగానే ఉంటుంది. ఇటువంటి ఆలోచనతోనే పలు దేశాలు బడిపిల్లలను సామూహికంగా పరీక్షించాయి. కాని అనుభవం గడించిన కొద్దీ వాటిలో చాలా దేశాలు ఆ పద్ధతిని విడిచిపెట్టాయి. పిల్లల మీద శ్రద్ధ తగ్గినందువల్ల ఈ మార్పు రాలేదు. పిల్లలను కాపాడే మార్గం మరొకటి ఉందని తెలిసినందువల్ల వచ్చింది.

క్షయకు కారణమైన సూక్ష్మజీవిని కనుగొన్నట్లు జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ 1882 మార్చి 24న బెర్లిన్ నగరంలో ప్రకటించాడు. 1890లో ఆయన ఆ సూక్ష్మజీవి నుండి ట్యూబర్‌క్యులిన్ అనే ద్రవాన్ని తయారుచేసి, అది వ్యాధిని నయం చేస్తుందని ఆశించాడు. ఆ ఆశ ఫలించలేదు. అయితే మందుగా విఫలమైన ఆ ద్రవమే పరీక్షా సాధనంగా నిలిచింది. 1907లో వియన్నా వైద్యుడు పిర్కే, ఆ వెంటనే ఫ్రెంచి వైద్యుడు మాంటూ చర్మం మీద చేసే పరీక్షను రూపొందించారు. ముంజేతి చర్మంలోకి కొద్దిపాటి ట్యూబర్‌క్యులిన్‌ను ఎక్కించి, రెండు మూడు రోజుల తరువాత అక్కడ గట్టిపడిన వాపును మిల్లీమీటర్లలో కొలవడం ఈ పరీక్షా విధానం.

ఈ పరీక్ష ఏమి చెబుతుందో గ్రహించడం చాలా ముఖ్యం. వాపు కనిపిస్తే ఆ శరీరానికి క్షయ సూక్ష్మజీవితో ఎప్పుడో ఒకప్పుడు పరిచయం కలిగి ఉండవచ్చునని మాత్రమే అర్థం. వ్యాధి సోకడం వేరు, వ్యాధి బారిన పడడం వేరు. ప్రపంచ జనాభాలో దాదాపు నాలుగవ వంతు మందికి ఈ సూక్ష్మజీవి సోకి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో జీవితకాలంలో వ్యాధిగ్రస్తులయ్యేవారు నూటికి అయిదు నుండి పది మంది మాత్రమే. మిగిలినవారిలో ఆ సూక్ష్మజీవి నిద్రాణంగా ఉండిపోతుంది. వారు దగ్గరు, ఇతరులకు వ్యాధిని అంటించరు. కాబట్టి చర్మం మీద వాపును చూసి ఒక బాలుణ్ణి 'క్షయరోగి' అనడం శాస్త్రవిరుద్ధం.

తెలుగునాట ఈ పరీక్షకు సుదీర్ఘ చరిత్ర ఉంది. రాయలసీమలోని మదనపల్లె సమీపంలో ఉన్న ఆరోగ్యవరం శానిటోరియం దక్షిణ భారతదేశంలో క్షయ చికిత్సకు పేరుమోసిన కేంద్రం. భారతదేశంలో బి.సి.జి. టీకాను తొలిసారిగా ప్రయోగించిన ప్రదేశాల్లో మదనపల్లె ఒకటి. అది 1948వ సంవత్సరం. 1951 నుండి ఆ టీకా దేశవ్యాప్త ఉద్యమంగా మారింది. టీకా బృందాలు గ్రామాలకు, పాఠశాలలకు వెళ్లి ముందుగా అందరికీ ట్యూబర్‌క్యులిన్ పరీక్ష చేసేవి. మూడు రోజుల తరువాత తిరిగి వచ్చి, వాపు లేనివారికి మాత్రమే టీకా వేసేవి.

ఈ పద్ధతిలోని చిక్కు త్వరలోనే బయటపడింది. మొదటి రోజున వరుసలో నిలిచిన పిల్లలలో కొందరు ఫలితం చూసే రోజున కనిపించేవారు కారు. పరీక్షకే రెండు రాకపోకలు కావలసి వచ్చేవి. కాలమూ, ధనమూ వెచ్చించిన తరువాత కూడా టీకా అవసరమైన పిల్లలు పలువురు మిగిలిపోయేవారు. ఇంతలో, ముందుగా పరీక్ష చేయకుండా టీకా వేసినా ప్రమాదం లేదని పరిశోధనల్లో తేలింది. 1960లలో మన దేశం ఆ ముందస్తు పరీక్షను విడిచిపెట్టి, నేరుగా టీకా వేసే విధానాన్ని చేపట్టింది. పరీక్షను మానడం వల్ల మరింత మంది పిల్లలకు మేలు జరిగిన సందర్భమిది.

అదే కాలంలో మరొక సత్యం కూడా వెల్లడైంది. 1955–58 మధ్య జరిగిన జాతీయ క్షయ సర్వేక్షణలో హైదరాబాదు, మదనపల్లె కేంద్రాలు కూడా పాలుపంచుకొన్నాయి. క్షయ నగరాల జబ్బు అన్న పాత నమ్మకాన్ని ఆ సర్వేక్షణ తోసిపుచ్చింది. పల్లెల్లోనూ అది పట్టణాలతో సమానంగా ఉన్నదని చూపింది. అన్ని పల్లెలకూ ఎక్స్‌రే వాహనాలను పంపడం ఆనాటి దేశానికి సాధ్యమయ్యే పని కాదు. మరి రోగులను కనిపెట్టడమెలా?

ఈ ప్రశ్నకు సమాధానం కర్ణాటకలోని తుమకూరు జిల్లాలో దొరికింది. బెంగుళూరు జాతీయ క్షయ సంస్థకు చెందిన దేబబర్ బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ అక్కడి రోగులను కలిసి, వారి మాటలను ఓపికగా విన్నారు. 1963లో వారి అధ్యయనం ప్రచురితమైంది. రోగుల్లో అత్యధికులకు తమ దగ్గు, జ్వరం సంగతి తెలుసు. వారిలో సగానికి పైగా అప్పటికే ఏదో ఒక ఆసుపత్రి గడప తొక్కారు. అయితే అక్కడ వారికి కఫ పరీక్ష జరగలేదు. దగ్గుమందు సీసా మాత్రమే దక్కింది. రోగి తనంతట తానే వైద్యుని వద్దకు వస్తున్నాడు. వ్యవస్థే అతణ్ణి గుర్తించడం లేదు! 1962లో ఆరంభమైన జాతీయ క్షయ నియంత్రణ కార్యక్రమం ఈ అవగాహన మీదనే నిలిచింది. దగ్గుతో వచ్చినవారి కఫాన్ని సమీపంలోని ఆరోగ్యకేంద్రంలోనే పరీక్షించడం దాని మూలసూత్రం. 1974లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల సంఘం కూడా విచక్షణ లేకుండా జనులందరికీ ఎక్స్‌రేలు తీసే పద్ధతిని మానివేయాలని సూచించింది.

సంపన్న దేశాలు ఈ నిర్ణయానికి కొంత ఆలస్యంగా వచ్చాయి. బ్రిటన్‌లో 1953 నుండి కౌమార ప్రాయంలోని బడిపిల్లలకు చర్మపరీక్ష చేసి, అవసరమైనవారికి టీకా వేసేవారు. వ్యాధి బాగా తగ్గిపోయి, కొన్ని ప్రాంతాలకు, కొన్ని కుటుంబాలకు పరిమితమైన దశలో, 2005లో ఆ దేశం పాఠశాలల కార్యక్రమాన్ని ముగించింది. దానికి బదులు, వ్యాధి సోకే అవకాశం అధికంగా ఉన్న కుటుంబాల్లోని పసిపిల్లలకు టీకా వేయడం మీద దృష్టి నిలిపింది.

అమెరికాలో తెలుగు కుటుంబాలు అధికంగా నివసించే ప్రాంతాల్లో కాలిఫోర్నియాలోని శాంతాక్లారా కౌంటీ ఒకటి. అక్కడ బడిలో చేరే పిల్లలందరికీ క్షయ పరీక్ష జరపాలన్న నియమం ఉండేది. 2014లో ఆ నియమం మారింది. వైద్యుడు ముందుగా కొన్ని ప్రశ్నలు అడిగే విధానం వచ్చింది. బిడ్డ ఏ దేశంలో పుట్టింది, ఎక్కడెక్కడ నివసించింది, క్షయరోగితో కలిసి మెలిగిందా అన్నవి ఆ ప్రశ్నలు. జవాబులను బట్టి అవసరమైన బిడ్డకే పరీక్ష చేస్తారు. తెలుగు తల్లిదండ్రులకు ఇందులో మరొక చిక్కు కూడా ఎదురవుతుంది. మన దేశంలో బిడ్డ పుట్టగానే బి.సి.జి. టీకా వేస్తారు. ఆ టీకా పొందిన కొందరిలో వ్యాధి సోకకపోయినా చర్మపరీక్షలో వాపు కనిపించవచ్చు. అందువల్ల అటువంటి పిల్లలకు, బి.సి.జి. ప్రభావం లేని రక్తపరీక్షలు మేలని వైద్యులు భావిస్తారు.

అందరినీ పరీక్షిస్తే నష్టమేమిటి, ఎక్కువ జాగ్రత్త మంచిదే కదా అని కొందరికి అనిపించవచ్చు. చిన్న లెక్కతో ఈ సందేహం తీరుతుంది. వ్యాధి సోకినవారిలో నూటికి తొంభై మందిని పట్టుకొని, సోకనివారిలో నూటికి అయిదుగురిని పొరపాటున 'సోకింది' అని చూపే పరీక్ష ఒకటి ఉన్నదని ఊహిద్దాం. 10,000 మంది పిల్లలున్న ఒక ఊరిలో నిజంగా వ్యాధి సోకినవారు పదిమందే అనుకొందాం. పరీక్ష వారిలో తొమ్మిది మందిని గుర్తిస్తుంది. దానితో పాటు ఏ దోషమూ లేని దాదాపు 500 మందిని కూడా వేలెత్తి చూపుతుంది. అంటే, పరీక్ష పట్టుకొన్న ప్రతి నూరుమందిలో నిజమైనవారు ఇద్దరు కూడా ఉండరు. అదే సంఖ్యలో పిల్లలున్న మరొక ఊరిలో 2,000 మందికి వ్యాధి సోకిందనుకొంటే, పరీక్ష 1,800 మందిని సరిగా, 400 మందిని పొరపాటుగా చూపుతుంది. అక్కడ నూటికి ఎనభై మందికి పైగా నిజమైనవారే. పరీక్ష మారలేదు, దాని మాట విలువ మాత్రం మారింది. వ్యాధి అరుదైన కొద్దీ అందరినీ పరీక్షించడం అపనిందల పంటగా మారుతుంది.

ఆ 500 మంది పిల్లల పరిస్థితిని ఆలోచించాలి. వారికి ఎక్స్‌రేలు తీయాలి. కొందరు నెలల తరబడి అక్కరలేని మందులు మింగవలసి రావచ్చు. తల్లిదండ్రులకు నిద్ర ఉండదు. తోటి పిల్లలు ఒకే బల్ల మీద కూర్చోవడానికి జంకుతారు. ఆడపిల్ల అయితే పెళ్లి సంబంధాల వరకు ఆ మాట పాకుతుందన్న భయం ఇంటిల్లిపాదినీ వేధిస్తుంది. అన్నిటికంటే పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. పరీక్షలో తప్పితే చదువుకే ఎసరు వస్తుందని భయపడిన విద్యార్థి తన దగ్గును దాచుకొంటాడు. దాచిన దగ్గు గదిలోని నలుగురికీ పంచిన దగ్గవుతుంది.

అందుకే 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం విల్సన్, యుంగ్నర్ అనే వైద్యులు ఇటువంటి పరీక్షలకు కొన్ని నియమాలను సూచించారు. వ్యాధి సమాజానికి ముఖ్యమైన సమస్య అయి ఉండాలి. పరీక్ష సరైనదీ, ప్రజలకు సమ్మతమైనదీ కావాలి. గుర్తించిన వ్యాధికి చికిత్స అందుబాటులో ఉండాలి. అయ్యే వ్యయానికి తగిన ప్రయోజనం కలగాలి. ఈ త్రాసులో తూగని పరీక్షను, అది ఎంత పాతదైనా, మానుకోవడమే వివేకం.

అయితే భారతదేశం బ్రిటన్ కాదు. ప్రపంచంలోని క్షయరోగుల్లో దాదాపు నాలుగవ వంతు మంది మన దేశంలోనే ఉన్నారు. 2019–21లో పదిహేనేళ్లు నిండినవారి మీద జరిగిన జాతీయ సర్వేక్షణ లక్ష మందిలో 316 మందికి ఊపిరితిత్తుల క్షయ ఉన్నదని చెప్పింది. ఆ రోగుల్లో నూటికి నలభై మందికి పైగా ఛాతీ ఎక్స్‌రే తీసినందువల్లనే బయటపడ్డారు. లక్షణాలున్నవారిలోనూ నూటికి అరవై మందికి పైగా వైద్యుని వద్దకు వెళ్లలేదు. రోగి వచ్చేదాకా వేచి ఉండడం చాలదని ఈ సంఖ్యలు హెచ్చరిస్తున్నాయి. అందుచేత 2024 డిసెంబరులో ఆరంభమైన వంద రోజుల ప్రచారంలో ఆరోగ్య సిబ్బంది రోగుల కుటుంబ సభ్యులను, వృద్ధులను, మధుమేహం ఉన్నవారిని, పోషకాహార లోపంతో బాధపడేవారిని వెతుక్కుంటూ వెళ్లారు. ఇది అందరికీ ఒకే పరీక్ష జరిపే పాత పద్ధతి కాదు. అలాగని చేతులు ముడుచుకొని కూర్చోవడమూ కాదు. ప్రమాదం ఎక్కడ ఉన్నదో అక్కడికి నడిచి వెళ్లే మూడవ మార్గం.

పిల్లల విషయంలో ఈ మార్గం మరింత స్పష్టం. చిన్నపిల్లల కఫంలో క్షయ సూక్ష్మజీవులు సాధారణంగా బహు తక్కువ. వారు ఇతరులకు వ్యాధిని అంటించడం అరుదు. చిన్నబిడ్డకు క్షయ సోకిందంటే చాలా సందర్భాల్లో చెంతనే దగ్గుతున్న పెద్దవారు ఎవరో ఉన్నారని అర్థం. కాబట్టి పెద్దవారిలో రోగిని గుర్తించిన రోజునే ఆ ఇంటి పిల్లలందరినీ పరీక్షించి, అవసరమైనవారికి నివారణ చికిత్స ఇవ్వడం ప్రయోజనకరం. పిల్లలను కాపాడే పరీక్ష బడి వాకిట్లో కంటే ఇంటి వాకిట్లోనే జరగాలి.

కౌమారం దాటుతున్న విద్యార్థుల సంగతి కొంత వేరు. కౌమార ప్రాయం నుండి క్షయ పెద్దవారిలో వలెనే ఊపిరితిత్తులను ఆశ్రయించి, ఇతరులకు వ్యాపించే శక్తిని పొందుతుంది. గాలి ఆడని ఇరుకు గదులు, వేళకు లేని భోజనం వ్యాధికి అనుకూలిస్తాయి. వసతిగృహాల్లో ఉండే విద్యార్థులకు కావలసింది ధ్రువపత్రాల నిర్బంధం కాదు; తెరిచి ఉంచిన కిటికీలు, కడుపునిండా పుష్టికరమైన ఆహారం, భయం లేకుండా దగ్గును చెప్పుకోగల వాతావరణం. రెండు వారాలకు మించి దగ్గు, సాయంకాలపు జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు, కఫంలో రక్తం కనిపిస్తే వెంటనే పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వ ఆరోగ్యకేంద్రాల్లో పరీక్షలూ, మందులూ ఉచితం. చికిత్స కాలంలో పోషకాహారం కోసం ప్రభుత్వం 2018 నుండి నెలకు రూ. 500 చొప్పున అందించి, 2024 నవంబరు నుండి ఆ మొత్తాన్ని రూ. 1,000కి పెంచింది.

వ్యాధి నిర్ధారణ అయినంత మాత్రాన చదువు ఆగిపోనక్కరలేదు. ఒకప్పుడు రోగులు అనంతగిరి, ఆరోగ్యవరం వంటి శానిటోరియంలలో నెలల తరబడి ఉండవలసి వచ్చేది. మద్రాసులో జరిగిన పరిశోధన ఫలితాలు 1959లో వెలువడి, ఇంటి వద్ద మందులు వాడినా అంతే గుణం కనిపిస్తుందని నిరూపించాయి. ఇంటివారికి అదనపు ప్రమాదం కూడా కలగలేదని తేల్చాయి. సరైన మందులు మొదలైన కొద్ది వారాల్లోనే వ్యాధి వ్యాపించే శక్తి బాగా తగ్గుతుంది. సాధారణమైన క్షయ ఆరు నెలల చికిత్సతో నయమవుతుంది. మధ్యలో మందులు మానితే మాత్రం అది మందులకు లొంగని మొండివ్యాధిగా మారవచ్చు.

పరీక్షను ఆపడం వేరు, పరిరక్షణను ఆపడం వేరు. అందరినీ అనుమానించే నియమాన్ని తొలగించినప్పుడు, ఆ కాలాన్నీ ధనాన్నీ అవసరమున్న ఇంటికి చేర్చిన సమాజమే ఆ నిర్ణయానికి అర్హమవుతుంది. అలా చేర్చకపోతే అది వివేకం కాదు, నిర్లక్ష్యం. గదిలో తోటి విద్యార్థి రెండు వారాలుగా దగ్గుతుంటే అతణ్ణి వెలివేయక, ఆరోగ్యకేంద్రానికి తోడుగా వెళ్లిన మిత్రుడు ఏ ధ్రువపత్రమూ చేయలేని మేలు చేస్తాడు.

కఠిన పదాలు – అర్థాలు

చిరపరిచితం = చాలాకాలంగా తెలిసినది
సూక్ష్మజీవి = కంటికి కనిపించని జీవి
నిద్రాణం = నిద్రలో ఉన్నది, చైతన్యం లేనిది
సర్వేక్షణ = సమగ్ర పరిశీలన
కౌమారం = బాల్యానికి, యౌవనానికి మధ్య ప్రాయం
విచక్షణ = మంచిచెడ్డలను వేరుచేసి చూడడం
అపనింద = లేని దోషాన్ని అంటగట్టడం
నిర్బంధం = బలవంతం

అభ్యాసం

I. వ్యాసరూప సమాధానాలు వ్రాయండి.
1. బడిపిల్లలందరికీ క్షయ పరీక్ష జరపడంలోని లాభనష్టాలను పాఠ్యభాగం ఆధారంగా చర్చించండి.
2. 'పరీక్షను ఆపడం వేరు, పరిరక్షణను ఆపడం వేరు' – ఈ వాక్యాన్ని సమర్థిస్తూ వివరించండి.

II. సంగ్రహ సమాధానాలు వ్రాయండి.
1. తుమకూరు అధ్యయనం ఏ సత్యాన్ని వెల్లడించింది?
2. రెండు ఊళ్ల లెక్క ద్వారా తెలిసే విషయమేమిటి?
3. చిన్నపిల్లల క్షయకు, ఇంట్లోని పెద్దవారికి గల సంబంధమేమిటి?

III. ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.
1. క్షయ సూక్ష్మజీవిని కనుగొన్నది ఎవరు?
2. బ్రిటన్ పాఠశాలల కార్యక్రమాన్ని ఏ సంవత్సరంలో ముగించింది?
3. ఎన్ని వారాలకు మించిన దగ్గును ఉపేక్షించరాదు?

IV. సంధులు
విద్యాలయం = విద్యా + ఆలయం – సవర్ణదీర్ఘ సంధి
అత్యధికులు = అతి + అధికులు – యణాదేశ సంధి
ప్రజారోగ్యం = ప్రజా + ఆరోగ్యం – సవర్ణదీర్ఘ సంధి

V. సమాసాలు
యువతీయువకులు – యువతులును, యువకులును – ద్వంద్వ సమాసం
ఆరు నెలలు – ఆరు సంఖ్య గల నెలలు – ద్విగు సమాసం
శాస్త్రవిరుద్ధం – శాస్త్రమునకు విరుద్ధం – షష్ఠీ తత్పురుష సమాసం